మన బూత్‌లో తొమ్మిది ఓట్లు

నవాగామ్, సూరత్
9 నవంబర్ 2025

గౌరవనీయులైన కనకయ్య గారికి,

నమస్కారాలు. ఎనిమిదేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కవరు రెండుసార్లు తిరగేసి ఉంటారు. నేను సదానందాన్నే. ఫోన్ చేద్దామంటే నలభై ఏళ్లు సాంచాల మీద పని, ఆ మరమగ్గాల చప్పుడు మీ చెవులు తినేసింది. మీ ఇంట్లో ఫోన్ ఎత్తేది మా అక్క. అక్కకూ నాకూ మాటలు లేవు. కాబట్టి ఈ ఉత్తరం మీకు మాత్రమే.

సంగతి ఇది. సూరత్‌లో మన పద్మశాలి సమాజం పెట్టి యాభై ఏళ్లయింది. మాఘమాసంలో మార్కండేయ జయంతి నాడు గుడిలో ఒక సంచిక విడుదల చేస్తున్నారు. దాని సంపాదకుడు పరమేశ్వర్, నా దగ్గర ఏడో తరగతి వరకు చదివినవాడే. "సార్, మన నియోజకవర్గం చరిత్ర, ఎన్నికల ఫలితాలు మీరే రాయాలె. ఇంకెవరితోని కాదు" అన్నాడు. తెలుగు మీడియం మున్సిపల్ బడిలో ముప్పై నాలుగేళ్లు గొంతు చించుకుని రిటైరైన పంతులును ఎవరైనా పొగిడితే ఏమవుతుంది? ఒప్పుకున్నాను.

మూడు నెలలుగా అదే పని. 2008 వరకు మన వీధులు రైలుకట్ట అవతలి పెద్ద నియోజకవర్గానికి తోకగా ఉండేవి. ఆ ఎమ్మెల్యేలు కట్ట దాటి ఇటు వచ్చిన సందర్భాలు వెతికితే మూడు దొరికాయి, అందులో రెండు వరదలప్పుడు. హద్దులు మార్చి మనకు వేరే నియోజకవర్గం ఏర్పాటు చేశాక 2012లో మొదటి ఎన్నిక. మరాఠీ వాళ్లు ఇంతమంది, ఒడియా వాళ్లు ఇంతమంది, తెలుగువాళ్ల ఓట్లు తొమ్మిది వేలు అని అప్పుడు అన్ని పార్టీలూ చెప్పుకున్నాయి. చెప్పుకోవడమే తప్ప ఎవరూ చూడలేదు. 2017లో ఇండిపెండెంటుగా కుట్టుమిషన్ గుర్తు మీద నిలబడి ఆ లెక్క తేల్చినవాణ్ని నేను. మొత్తం 1,106 ఓట్లు. డిపాజిట్ గల్లంతు.

ఇదంతా మీకు తెలిసిందే. మన బడిలోని బూత్ ఫలితం కూడా తెలుసు. నాకు తొమ్మిది. నోటాకు నాలుగు వందల పన్నెండు. ఇంకో పార్టీకి వేసి ఉంటే సరేలే అనుకునేవాణ్ని, కనకయ్య గారూ. నేను అక్షరాలు దిద్దించిన పిల్లల తల్లిదండ్రులు పొద్దున్నే తలస్నానాలు చేసి, వరుసలో నిలబడి, "ఎవరూ వద్దు" అని నొక్కి ఇంటికి పోయారు. దీన్ని నేను ఈ జన్మలో మింగలేను.

ఇది రఘుపతి చేయించిన పని. కార్ఖానాల్లోకి పనివాళ్లను తెచ్చే ముకద్దం అతను, పెద్ద పార్టీకి మన వీధిలో మనిషి కూడా అతనే. నేను నిలబడతానని గుడిలో చెప్పిన రోజు అందరి ముందూ లేచి, "నిలబడకు పంతులూ. నిలబడి ఓడితే మన బలమెంతో ఊరికంత తెలుస్తది. తెల్వకుంటెనే మనకు ఇజ్జత్" అన్నాడు. తర్వాత వీధిలో చీరలు పంచాడు. ఆ చీరల్లో ఒకటి నా సొంత అక్క కట్టుకుని వాకిట్లో ముగ్గు వేస్తుంటే నేను కళ్లారా చూశాను. అందుకే అధ్యాయంలో రాశాను: "ఈ బూత్‌లో తెలుగువారి ఓటును తెలుగువాడైన రఘుపతే మట్టి చేశాడు." పరమేశ్వర్ జంకుతున్నాడు. "ఆయన కరోనాల పోయిండు సార్, సాక్ష్యం లేకుంట ఎట్ల అచ్చేద్దాం" అంటున్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బూత్ లోపల నా ఏజెంటుగా కూర్చున్నది మీరు. ఏం చూశారో, రఘుపతి ఏం చేశాడో ఒక్క పేజీ రాసి సంతకం పెట్టి పంపండి. జనవరి పదికి ప్రెస్సుకు ఇవ్వాలి.

ఇట్లు
సదానందం

*

సిరిసిల్ల
21 నవంబర్ 2025

బామ్మర్దీ,

ఎనిమిదేళ్లకు ఉత్తరం, అందులో "గౌరవనీయులైన కనకయ్య గారికి"! బావను పట్టుకుని గారు అంటే నాకు ఎవరో చిట్టీల కంపెనీవాళ్లు నోటీసు పంపినట్టు అనిపించింది. నువ్వు తిట్టినా నాకు బాగుండేది. తిట్టడం నీకు బాగా వచ్చు కదా.

నేను బాగానే ఉన్నాను. చెవులు పూర్తిగా పోయాయి. ఒకందుకు మంచిదే, మీ అక్క నోరు కదలడం కనిపిస్తుంది కానీ మాట వినిపించదు. తన మోకాళ్లు అరిగిపోయాయి, గోడ పట్టుకుని నడుస్తుంది. నీ కవరు చూసి ఎవరిదని సైగ చేస్తే పింఛను కాగితం అని చెప్పాను. అక్షరం రాని మనిషికి అబద్ధం చెప్పడం తేలిక.

నువ్వు రాసే చరిత్రకు నాకు తెలిసింది చెప్తాను. మనం మొదట వచ్చినప్పుడు సలాబత్‌పురాలో ఒక్క గదిలో తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. ఓటర్ల లిస్టు రాసుకోవడానికి వచ్చిన గుజరాతీ గుమాస్తాకు మన ఇంటిపేర్లు నోరు తిరగక అందరికీ "తెలంగ్" అని ఇంటిపేరు పెట్టి పోయాడు. పదేళ్లు మనమందరం ఒకే ఇంటివాళ్లం, ఆ లిస్టు ప్రకారం. పెళ్లి సంబంధాలు ఎట్లా కుదిరాయో దేవుడికే తెలియాలి. ఇది రాయి, చదివేవాళ్లు నవ్వుకుంటారు.

ఇక రఘుపతి సంగతి. ఎనిమిదేళ్ల కిందటి మాట, నా తలకాయలో ఏదీ నిలవడం లేదు. అతను పోయాడు. పోయినవాడి మీద రాసి నువ్వు ఏం బాగుపడతావు? ఆ ఒక్క వాక్యం తీసేయ్. మిగతా చరిత్రంతా బంగారంలా ఉంటుంది. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను, కానీ నువ్వు నాకంటే చిన్నవాడివైపోయావు.

కనకయ్య

*

నవాగామ్, సూరత్
3 డిసెంబర్ 2025

బావా,

గారు తీసేశాను. ఇక సూటిగా మాట్లాడుకుందాం. తెలంగ్ ఇంటిపేరు ముచ్చట బాగుంది, రాసుకున్నాను. కానీ నేను అడిగింది అది కాదు. గుర్తు లేదంటున్న మనిషివి నలభై ఏళ్ల కిందటి గుమాస్తా మాటలు పొల్లు పోకుండా రాశావు. బడిలో హోంవర్కు ఎగ్గొట్టే పిల్లలను వేల మందిని చూశాను. వాళ్లు కూడా ఇట్లాగే అడగనిదే చెప్తారు.

నాకు కుదురు లేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి వీధులన్నీ తిరుగుతున్నాను. ఇంటింటికీ పోయి "2017లో ఎవరికి వేశారు?" అని అడిగాను. నలభై ఒక్క ఇళ్లు. ఒక్కరంటే ఒక్కరైనా "నోటాకు వేశాం సార్, మన్నించండి" అంటారేమోనని చూశాను. అందరూ "మీకే వేసినం సార్, మార్కండేయుడి మీద ఒట్టు" అన్నారు. నలభై ఒక్క ఇళ్లలో నూట ముప్పై మంది ఒట్టు వేశారు. మెషిన్ తొమ్మిది అంటోంది. ఇంత మంది ముఖంలో ముఖం పెట్టి దేవుడి మీద అబద్ధం చెప్తుంటే, ఈ జనానికా నేను చదువు చెప్పింది అనిపించింది. ఒక ముసలామె అయితే నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "పక్కింటోళ్లే ఎయ్యలే సారూ, నేనేసిన" అంది. పక్కింట్లో అడిగితే వాళ్లూ ఆమె వైపే వేలు చూపించారు. ఆ రెండిళ్లకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవట.

ఇంకో సంగతి. ఇప్పుడు ఓటర్ల జాబితా సవరణ జరుగుతోంది. 2002 నాటి జాబితాలో మన పేరో అమ్మానాన్నల పేరో చూపించాలి. మనవాళ్లందరూ ఫారాలు నింపించుకోవడానికి హారతి జిరాక్స్ షాపు ముందు క్యూ కట్టారు. హారతి గుర్తుందా? రఘుపతి కూతురు. నేనూ పోవలసి వచ్చింది. ఆ పిల్ల నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. పాత జాబితా కంప్యూటర్‌లో తీసి నా పేరు వెతికి ఇచ్చింది. "సార్, దీంట్ల మా నాయిన పేరు గూడ ఉన్నది. మీ పేరుకు మూడు లైన్ల కింద. సూడుండ్రి" అని తెర నా వైపు తిప్పింది. నేను చూసి తల తిప్పుకున్నాను.

వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో ఆ పిల్ల నిలబడుతుందట. వీధిలో అందరూ అంటున్నారు. నా అధ్యాయం అచ్చయితే అవతలి వాళ్లు ఆ పేజీ జిరాక్స్ తీసి పంచుతారని పరమేశ్వర్ భయపడుతున్నాడు. పంచనీ. నిజమైతే పంచడంలో తప్పేముంది? నిజం కాకపోతే నువ్వు చెప్పు.

డిసెంబర్ నెలాఖరుకల్లా నీ జవాబు రాకపోతే నా వాక్యం ఉన్నది ఉన్నట్టు అచ్చుకు పోతుంది.

సదానందం

*

సిరిసిల్ల
15 డిసెంబర్ 2025

సదానందం,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ఈసారి పూర్తి చేసి పోస్టు డబ్బాలో వేసేదాకా ఇంటికి పోను. బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

రఘుపతి ఏమీ చేయలేదు. చేసింది నేను.

నువ్వు మన వీధుల్లో ఓటు అడగడం నామోషీ అనుకున్నావు. "మనవాళ్లను అడిగేదేంది బావా, వాళ్లెక్కడికి పోతరు" అని మనవాళ్లను నాకు వదిలేసి, నువ్వు ఒడియా బస్తీలకూ మరాఠీ వాడలకూ పోయి కుట్టుమిషన్ బొమ్మ చూపించి ఉపన్యాసాలు ఇచ్చావు. నీకు వచ్చిన పదకొండు వందలు వాళ్లవే. గమనించావో లేదో.

మన ముసలోళ్లకు గుజరాతీ అక్షరం రాదు. మెషిన్ మీద కుట్టుమిషన్ బొమ్మ గోరంత ఉంటుంది, మగ్గం మీద కళ్లు పోగొట్టుకున్నవాళ్లకు అది కనిపిస్తుందా? పోటీ చేసేవాళ్ల లిస్టు తెచ్చి చూశాను. పదమూడు పేర్లు. ఇండిపెండెంట్లు చివర, అందులో గుజరాతీ అక్షరాల వరుసలో నీ పేరు అందరికంటే చివర. నాకు పండగ అయింది. నూలు పెట్టె అట్టను కోసి, పదమూడు అంగీ గుండీలు వరుసగా కుట్టి ఉత్తుత్తి మెషిన్ తయారు చేశాను. పన్నెండు రోజులు గుడి హాల్లో ఒక్కొక్కరిని కూర్చోబెట్టి నేర్పించాను. "పేరు చూడొద్దు, బొమ్మ చూడొద్దు. వేలు పైనుంచి జార్చుకుంట పోయి అన్నిటికన్న కింది బటన్ నొక్కుండ్రి, అదే మన పంతులు" అని చెప్పాను. ఆడవాళ్లు దాన్ని పాట కట్టి పాడుకున్నారు. అందరూ పాసయ్యారు. నీలాంటి పంతులు కూడా అంత బాగా నేర్పలేడని మురిసిపోయాను.

పోలింగ్ రోజు ఏడు గంటలకు ఏజెంట్ల ముందు మెషిన్ పరీక్ష చేస్తారు. ఆఫీసరు ఒక్కో బటన్ నొక్కుకుంటూ వచ్చాడు. పదమూడు నొక్కాడు. తర్వాత పద్నాలుగోది నొక్కాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మేము సాంచాల మీద బతికినవాళ్లం, నోటా గీటా మాకేం తెలుసు? లిస్టులో అది లేదు కదా. నీ కింద ఇంకో బటన్ ఉంది, దాని పక్కన ఇంటూ గుర్తు ఉంది. పాత కాలంలో కాగితం మీద మనం గుద్దిన ముద్ర కూడా ఇంచుమించు అట్లాగే ఉండేది. మన ముసలోళ్లు అది చూస్తే ఇక్కడే నొక్కాలని ఇంకా గట్టిగా నమ్ముతారు.

గుమ్మం దాకా పోయాను. అప్పటికే వరుస బడి గేటు దాటి ఉంది. ముందు నిలబడ్డ ముసలామె నన్ను చూసి నవ్వి, నాకు గుర్తుందన్నట్టు వేలు కిందికి చూపించింది. ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. పోలీసు పట్టుకుపోతాడన్న భయం ఉంది, అబద్ధం చెప్పను. కానీ అసలు భయం అది కాదు. కేక వేస్తే తప్పు కనకయ్యదని అందరికీ తెలుస్తుంది. కొందరైనా నీ గుర్తు చూసి నొక్కుతారులే అని నాకు నేను చెప్పుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఓటు పడ్డప్పుడల్లా మెషిన్ మోగుతుందట, నాకు వినిపించలేదు. ఎర్రలైటు వెలిగి ఆరడం మాత్రం సాయంత్రం దాకా చూశాను.

లెక్కింపు తర్వాత నువ్వు గుడి మెట్ల మీద నిలబడి మనవాళ్లను అమ్ముడుపోయిన జాతి అన్నావు. రఘుపతి పేరు పెట్టి తిట్టావు. మీ అక్కను ఆ చీర మీద అనరాని మాట అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నా పెదవి కదల్లేదు.

మరుసటి రోజు రఘుపతి మా ఇంటికి వచ్చాడు. అతను ఒక్కడే కనిపెట్టాడు. నేను విననని పలక మీద రాశాడు: "ఆ గుండీల డబ్బా నువ్వే చేసినవ్ గదా. ఊకో. పంతులుకు తెలిస్తె నీ మొఖం సూడడు, మీ ఇంటిది పుట్టింటికి దూరమైతది. నేను ఎట్లాగు వద్దన్నోన్నే. నా మీద ఉండనీ." నాలుగు రోజుల్లో నీ కోపం దిగుతుందని, అప్పుడు నవ్వుకుంటూ చెప్పుకోవచ్చని అనుకున్నాడు. నీ కోపం దిగలేదు. మీ అక్క ఎట్లాగూ దూరమైంది. ఆ నెలాఖరుకు నేను చెవుల సాకు చెప్పి సిరిసిల్లకు వచ్చేశాను. అతను అక్కడే ఉండి ఆ పేరు మోసి, మోసి పోయాడు.

నీకు ఒట్టు వేసిన నూట ముప్పై మందీ నిజమే చెప్పారు. పేజీ మీద సంతకం కావాలన్నావు కదా, పెడుతున్నాను.

గుర్రం కనకయ్య

*

నవాగామ్, సూరత్
23 డిసెంబర్ 2025

బావా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్ను ఏమనాలో నాకు మాటలు దొరకడం లేదు. నా జీవితంలో ఇట్లా ఎప్పుడూ జరగలేదు.

ఎనిమిదేళ్లు నేను ఆ వీధిలో తల దించుకుని నడిచాను. పలకరించినవాళ్లకు జవాబు ఇవ్వలేదు. పెళ్లిళ్లకు పోలేదు, చావులకు పోలేదు. రఘుపతి శవాన్ని అంబులెన్సులో తీసుకుపోతుంటే కిటికీ వేసుకున్నాను. ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది కదా, బావా! ఒక్క కార్డు!

నాకేం రాయకు. నేను రాసేదాకా రాయకు.

సదానందం

*

నవాగామ్, సూరత్
8 జనవరి 2026

బావా,

కోపం పోలేదు. కానీ జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను. ఇంకెవరికి చెప్పను?

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పది రోజులు తిరిగాను. దాన్ని దాచేసి ఆ వాక్యం ఒక్కటి కొట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు అని కూడా అనుకున్నాను. నీకు గుమ్మం దగ్గర వచ్చిన బుద్ధే నాకూ వచ్చింది. అప్పటి నుంచి నిన్ను తిట్టడం కష్టమైంది.

చివరికి హారతి షాపుకు పోయాను. ఫారాల హడావుడి తగ్గింది, షాపులో వాళ్ల అమ్మ పద్మారాణి కూడా ఉంది. నీ ఉత్తరం హారతి చేతిలో పెట్టాను. ఆ పిల్లకు తెలుగు చదవడం నేను నేర్పిందే. మెల్లగా చదివింది. పలక మీద వాళ్ల నాన్న రాసిన మాటల దగ్గర ఆగి, వాళ్ల అమ్మకు పైకి చదివి వినిపించింది. పద్మారాణి లేచి లోపలికి పోయింది.

"ఆ వాక్యం కొట్టేస్తానమ్మా" అన్నాను.

"కొట్టేస్తె అయిపోతదా సార్?" అంది హారతి. "మా అమ్మ ఎనిమిదేండ్ల సంది గుడికి పోలే. మా నాయిన పోతే మోయనీకి మనోళ్లు రాలే, కరోనా అని సాకు చెప్పిండ్రు. కరోనాల పోయిన ఇంకోళ్లకు వచ్చిండ్రు. కొట్టేసుడు కాదు. అచ్చెయ్యాలె. మీ పేరు, కనకయ్య తాత పేరు, నాయిన పేరు, అన్నీ అచ్చెయ్యాలె."

"అట్లా అయితే నీ ఎన్నికకు ఇబ్బంది కాదా? మనవాళ్లకు బటన్ నొక్కడం కూడా రాదని అవతలివాళ్లు ఎగతాళి చేయరా?"

"చెయ్యనీ. రానిది నేర్పుకుందాం. ఈసారి మీరు ఒడియా బస్తీకి కాదు సార్, మన గల్లీకి రావాలె. మనోళ్లను మీరే అడగాలె."

ఆదివారం గుడిలో సంచిక సమావేశం. నేను లేచి నీ ఉత్తరం మొత్తం చదివాను. నన్ను తిట్టిన భాగం కూడా వదల్లేదు. అయిపోయాక వెనక ఎవరో ముసలాయన "ఓరి కనకయ్యా!" అని నెత్తి కొట్టుకున్నాడు. అంతే, నవ్వులు మొదలయ్యాయి. నవ్వుతూ నవ్వుతూనే కొందరు ఏడ్చారు. నీకు రాశానే, పక్కపక్క ఇళ్లు, ఎనిమిదేళ్ల మౌనం అని. ఆ ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకుని అక్కడే తిట్టుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడుకుంటున్నందుకు అందరం సంతోషించాం.

నేను చేతులు జోడించాను. "అమ్ముడుపోయారని మిమ్మల్ని అన్నాను. మీరు నాకే వేశారు. తప్పు నాది. రఘుపతి విషయంలో ఇంకా పెద్ద తప్పు నాది" అన్నాను. ఎవరో "పోనీ సార్" అన్నారు. అందరూ అనలేదు. పద్మారాణి గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రాలేదు. చెప్పులు విడవకుండా అక్కడే నిలబడి విని వెళ్లిపోయింది.

అధ్యాయం మార్చి రాశాను. 2017 పట్టిక కింద ఇప్పుడు ఇట్లా ఉంది: "ఈ బూత్‌లో నోటాకు పడిన నాలుగు వందల పన్నెండు ఓట్లలో దాదాపు అన్నీ తెలుగువారు తమ అభ్యర్థికి వేశామనుకుని వేసినవి. నేర్పినవాడు పొరబడ్డాడు. అభ్యర్థి తన వీధికి వచ్చి ఒక్కసారైనా అడగకపోవడం వల్ల ఆ పొరపాటు బయటపడలేదు. ఈ సంగతి తెలిసి, నింద తన మీద వేసుకుని మౌనంగా ఉన్నవారు కీర్తిశేషులు రఘుపతి." పరమేశ్వర్ ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇక ఒక్క పని మిగిలింది, అది నా చేత కావడం లేదు. ఆ చీర గురించి అక్కను నేను అన్న మాట నీకు తెలుసు. ఆమె "నీకే ఏసిన తమ్మీ" అంటే నేను నమ్మలేదు. ఆమె కూడా నువ్వు చెప్పిన కింది బటనే నొక్కి ఉంటుంది, పాపం. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. నన్ను క్షమించమని నా మాటగా చెప్పు. ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ బామ్మర్ది
సదానందం

*

సిరిసిల్ల
17 జనవరి 2026

తమ్మీ సదానందం,

నేను ఐలమ్మను. మీ బావ రాస్తుండు, నేను చెప్తున్న. ఒక్క మాట మార్చినా చెయ్యి ఇరగ్గొడ్తనని చెప్పిన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుంట, పెదవులు కనపడేటట్టు చెప్తున్న.

పింఛన్ కాగితాలు, పింఛన్ కాగితాలు అని రెండు నెలల సంది నన్ను మోసం చేసిండు. మొన్న అన్నీ ముంగటేసుకొని చదివిండు. నీయి చదివిండు, ఆయనయి గూడ నోటితోని మల్ల చెప్పిండు. ఆ డబ్బాతోనే ఓట్లు తప్పు పడ్డయన్న ముచ్చట నాకు ఇప్పటిదాంక తెల్వది. ఆయనతోని నేను రెండు దినాలు మాట్లాడలే. ఆయనకు ఇనపడదు గాబట్టి ఆయనకు తెల్వలే. అన్నం పెట్టకుంటె తెలిసింది.

చీర తీసుకున్న. అవును. రఘుపతి ఇస్తె తీసుకున్న, నూలు మంచిగుండె, అంచు గట్టిగుండె. చీర చీరనే, ఓటు ఓటే. ఆ రెండు ఒక్కటని నీకెవలు చెప్పిండ్రు?

నేను గూడ కింది బటనే నొక్కిన్నని రాసినవు. తప్పు. మీ బావ చెప్పినట్టే ఏలు కిందికి జార్చుకుంట పోయిన. అక్కడ ఇంటూ గీత ఉన్నది. దాని పై వరుసల, నీ పేరు పక్కన ఉన్న ఫోటో సూసిన. నువ్వు ఫోటోకు ఎట్ల దిగినవ్? జుట్టుకు రంగేసుకొని, కండ్లద్దాలు తీసేసి, స్టూడియోల ముడతలన్ని తుడిపిచ్చుకొని దిగినవ్. రోజు అద్దాల పంతులును సూసేటోళ్లు దాన్ని సూసి నువ్వే అని ఎట్ల అనుకుంటరు? వాళ్లకు తెల్వలే. నాకు తెల్సింది. అమ్మ పోయినంక నిన్ను సంకనెత్తుకొని పెంచిన. అద్దాలు లేని నీ మొఖం నాకు తెల్వదా? ఏలు పైకి జరిపి నీ మీద నొక్కిన. నీకొచ్చిన తొమ్మిదిల ఒకటి నాది.

నాలుగు వందల మంది తప్పు నొక్కిండ్రు, తెల్వక నొక్కిండ్రు. మీ బావ తప్పు చెప్పిండు, తెల్వక చెప్పిండు, తెలిసినంక భయపడ్డడు. నువ్వు నా మొఖం సూసుకుంట అన్నవ్. మెట్ల మీద, నలుగుట్ల. నేను నీకే ఏసిన అన్నంక గూడ అన్నవ్. దానికి ఏ బటన్ అడ్డమొచ్చింది?

గుడిల అందరి ముంగట చేతులు జోడిచ్చినవట. మంచి పని చేసినవ్. రఘుపతి బిడ్డకు చెప్పినవట, అది ఇంకా మంచి పని. ఆ అందరిల నేను లేను.

పుస్తకంల రాస్తె నాకేమస్తది, నాకు చదువరాదు. ఉత్తరం రాస్తె మీ బావ చదవాలె, ఆయన ఏడ్చుకుంట సగం మింగుతుండు. మధ్యల ఆయనెందుకు? నా మోకాళ్లు నడుస్తలేవు, నేను సూరత్ రాలేను.

నువ్వు రా. అద్దాలు పెట్టుకొనే రా. ఆ మెట్ల మీద ఏమన్నవో అదే నోటితోని, నా ముంగట కూసొని, తప్పని చెప్పు. అప్పుడు నేను మాఫ్ చేస్తనో లేదో నీకు కనపడ్తది.

ఐలమ్మ